గోడకి అటు ఊపిరి, ఇటు ట్రాక్టరు

తవిటినాయుడూ గౌరినాయుడూ ఒక తల్లి బిడ్డలు. వాళ్ళిద్దరూ ఎందుకు మాట మానుకున్నారో నేను చెప్పను. ఆనాటి పంచాయితీలో ఎవరు ఏమన్నారో, తప్పు ఎవరిదో, అదీ చెప్పను. అడిగినా చెప్పను. అది వాళ్ళ ఇంటి సంగతి. తుఫాను వచ్చిన ఏడాది, మార్గశిరం చలిలో ఊరంతా కరెంటు లేకుండా ఉన్నప్పుడు ఏం జరిగిందో, అంతమట్టుకే చెప్తాను. అంతమట్టుకే వినండి.

పెద్దవాడు తవిటినాయుడు పెద్దల ఎదట లేచి నిలబడి, "ఆడి గుమ్మం తొక్కితే నా కాలు ఇరిగిపోవాల" అన్నాడంట. అన్న మాట అన్నట్టే ఉన్నాడు. ఒక ఇంటికి మధ్యలో గోడ లేపి రెండిళ్ళు చేసుకున్నారు. పెరట్లో కూడా అదే గోడ, మనిషి గుండెల ఎత్తున. పంపకాల్లో పాత ట్రాక్టరు పెద్దవాడికి వచ్చింది. చిన్నవాడు గౌరినాయుడు రాళ్ళ క్రషర్లో పనికి వెళ్ళాడు. ఆ దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడు చేసుకుని ఇంటికొచ్చి మంచం పట్టాడు. పెద్దాసుపత్రిలో ఒక మిషను ఇప్పించారు. కరెంటు మీద నడుస్తుంది, గాలిలోంచి ప్రాణవాయువు తీసి గొట్టంలోంచి ముక్కుకి పంపిస్తుంది. అది పగలూ రాత్రీ గుర్రుమంటూనే ఉండేది. గోడకి ఇటు పడుకున్న తవిటినాయుడు దాన్ని తిట్టని రోజు లేదనుకోండి. "ఆ గురకకి నాకు కంటి మీద కునుకు లేదు" అనేవాడంట పెళ్ళాం పోలమ్మతో. తమ్ముడి పేరు ఎత్తేవాడు కాడు, మిషన్నే తిట్టేవాడు.

ఏమైందంటే, తుఫాను రేగింది. జీడిమామిడి చెట్లు వేళ్ళతో సహా దారికి అడ్డం పడ్డాయి. కరెంటు స్తంభాలు చేలలో పడుకున్నాయి. వాన వెలిసింది, చలి దిగింది, కరెంటు మాత్రం రాలేదు. పొద్దున్నే తవిటినాయుడు పళ్ళు తోముకుంటూ పెరట్లోకి వచ్చి అలాగే నిలబడిపోయాడంట, వేపపుల్ల నోట్లోనే ఉంది. గోడ అవతల గురక లేదు. పోలమ్మ చూసింది. "ఏటయ్యా, ఆ మిషను సప్పుడు ఒద్దన్నావు కదా, ఆగింది. ఇంక ఆయిగా తొంగో" అంది. ఆవిడ నోరు అలాంటిది. ఆయన గోడ వైపే చూస్తున్నాడు. అప్పుడు ఆవిడే చెప్పింది. తోటికోడళ్ళిద్దరూ, ఈవిడా గౌరినాయుడి పెళ్ళాం నరసమ్మా, మగాళ్ళకి తెలియకుండా గోడ దగ్గర మాట్లాడుకునేవారులెండి. "నరసమ్మ ఏడుస్తన్నాది. ఇంట్లో గాలి సిలిండరు ఒక్కటే ఉన్నాదంట. అది అయిపోతే ఇంకోటి తెద్దామంటే దారి లేదు, మంచం మీద ఆసుపత్రికి మోసుకెల్దామంటే మధ్యలోనే పోతాడంట" అంది. తవిటినాయుడు పుల్ల ఉమ్మేశాడు. నోరు కూడా కడుక్కోకుండా పాక దగ్గరికి వెళ్ళి, ట్రాక్టరు మీద కప్పిన టార్పాలిను లాగేశాడు.

టెంటు హౌసు గవరయ్య అని ఉన్నాడు మా ఊళ్ళో. పెళ్ళిళ్ళకి షామియానాలు, మైకు సెట్లు అద్దెకిస్తాడు. వాడి దగ్గరొక జనరేటరు ఉంది, దాని ఇంజను పట్టేసింది గానీ కరెంటు పుట్టించే డైనమో బాగానే ఉంది. తవిటినాయుడు వాణ్ణి పిలిపించి, "నీ డైనమో నా ట్రాక్టరు పక్కన పెట్టు. దీని చక్రానికీ దానికీ బెల్టు ఏద్దాం" అన్నాడు. గవరయ్య తల గోక్కుని, "ఎవరి కోసం బావూ?" అన్నాడు. "కరెంటు కోసం" అన్నాడు ఈయన. గవరయ్య గోడ వైపు ఒకసారి చూసి, పోయి డైనమో తెచ్చాడు. బ్యాటరీ చచ్చిపోయి ఉంది కాబట్టి ట్రాక్టరుని తోసి స్టార్టు చెయ్యాలి. వీధి వీధంతా వచ్చి తోశారనుకోండి. "దీన్ని తోసే కంటే మన గేది మెడకి బెల్టేస్తే నయమే" అని ఒకడు, "గేది పొగ ఒదల్దురా, ఇది ఒదుల్తాది" అని ఇంకొకడు. మూడోసారి తోస్తే దగ్గింది, ఇంకోసారి తోస్తే నల్లటి పొగ కక్కుకుని లేచింది. తీగ గోడ మీంచి అవతలికి వేశారు. తీగ దాటింది గానీ మనిషి దాటలేదు.

ఇప్పుడు చిక్కేమిటంటే, ఇంజను ఒకే వేగంతో తిరగాలి. మెల్లగా తిరిగితే కరెంటు చాలదు, మిషను ఆగిపోతుంది. జోరుగా తిరిగితే కరెంటు ఎక్కువై మిషను కాలిపోతుంది. ఆ పాత ఇంజను తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. ఎవరో ఒకరు సీటు మీద కూర్చుని, ఇంజనుకి ఆయిలు పెంచి తగ్గించే పిడి చేత్తో పట్టుకోవాలి. కరెంటు ఎక్కువైందో తక్కువైందో తెలియాలంటే చీకటిగదిలో మంచం పక్కనున్న బల్బు చూడాలి. బల్బు అవతలా, పిడి ఇవతలా. చూసి చెప్పవలసింది నరసమ్మ. ఆవిడేమో తమ్ముడి భార్య, ఈయన బావగారు. మాలో మరదలు బావగారి ఎదట పడదు, గొంతెత్తి మాట్లాడదు. మాట్లాడినా ఆ ఇంజను హోరులో ఎవడికి వినిపిస్తుంది? ఇంతకీ నరసమ్మే ఉపాయం కనిపెట్టింది. పోలమ్మ చేత చెప్పించిందంట, "అక్కా, బల్బు తగ్గితే కంచం మీద గరిటితో ఒక దెబ్బ కొడతాను, పెరిగితే రెండు కొడతాను. బావగారిని ఆ పెకారం సూసుకోమను" అని. రాత్రిపూట సిలిండరు, తెల్లవారుజామునుంచి పొద్దుపోయేదాకా ట్రాక్టరు, అలా వాడుకుందామని ఏర్పాటు.

అలా జరిగింది. టంగుమంటే పిడి లాగేవాడు, టంగు టంగుమంటే వదిలేవాడు. పోలమ్మ సీటు దగ్గరికే ముద్దలు తెచ్చి నోట్లో పెట్టేది. ఎవడైనా వచ్చి, "కాసేపు నాను పడతాను, దిగన్నా" అంటే, "నీకు దాని రోగం తెల్దు, పోరా" అనేవాడు. ఎవడి రోగం గురించి అన్నాడో మనకెందుకు. జనం ఫోనులు పట్టుకుని వచ్చి, చార్జింగు పెట్టుకుంటామంటే మాత్రం, "ఈ తీగకి ఈగ వాలినా ఒప్పుకోను" అని గదమాయించాడంట.

ఒప్పుకోనన్నాడు గానీ అడక్కుండా పెట్టుకునేవాణ్ణి ఏం చేస్తాడు? అవి ధనుర్మాసం రోజులు. రామమందిరంలో తెల్లవారక ముందే మైకులో పాశురాలు వినిపించాలి. మైకు సెట్టు గవరయ్యదే. దేవుడికి మైకు ఆగిపోయింది, ఊరికి అరిష్టం అని వాడికి లోపల పీకుతోంది. డైనమో నాది కదా, ఒక్క పాశురం పాడేంతసేపు తీసుకుంటే తప్పేమిటి అనుకున్నాడు. డబ్బు కోసం కాదు, భక్తి కొద్దీనే చేశాడు, ఆ మాట చెప్పాలి. చీకటితో తవిటినాయుడు ఇంజను లేపి కూర్చున్నాక, వీడు గోడ చివర తీగకి ఇంకో తీగ తగిలించి మందిరానికి లాగాడు. మైకు పలికింది. ఇక్కడ బల్బు గుడ్డిదైపోయింది. టంగుమంది కంచం. తవిటినాయుడు పిడి లాగాడు. మళ్ళీ టంగు, ఇంకా లాగాడు. ఇదేమిటి ఇవాళ, డీజిలులో నీళ్ళున్నాయా అనుకుంటూ ఇంకా లాగాడు. ఊరంతా పాశురం వింటోంది, ఇంజను పక్కన కూర్చున్న ఈయనకి ఒక్కడికే వినపడలేదు. పాశురం అయింది. గవరయ్య దండం పెట్టుకుని తీగ పీకేశాడు. మోసే బరువు ఒక్కసారి దిగిపోతే ఎద్దయినా ముందుకి ఉరుకుతుంది కదా, ఇంజను అలాగే ఉరికింది. కంచం టంగు టంగు టంగు టంగున మోగిపోయింది. ఈయన పిడి వదిలేసరికి గోడ అవతల టప్పుమంది. కంచం ఆగిపోయింది.

తవిటినాయుడు సీటు మీంచి దిగాడు. గోడ చుట్టూ తిరిగి వీధిలోకి పోతే తమ్ముడి గుమ్మం ఉంది. అటు పోలేదు. లుంగీ ఎగ్గట్టి, ఆ వయసులో, మోచేతులు గీరుకుపోగా గోడ ఎక్కి అవతలికి దూకాడు. గుమ్మం తొక్కనన్నాడు గానీ గోడ దూకనని అనలేదు కదా. నరసమ్మ కంచం అక్కడే పడేసి, కొంగు తల మీదికి లాక్కుని తలుపు చాటుకి పోయింది. గదిలో కాలిన వాసన. మిషను నిశ్శబ్దంగా ఉంది. తీగకీ దానికీ మధ్య, కరెంటు హెచ్చుతగ్గులు కాసే స్టెబిలైజరు డబ్బాలోంచి పొగ వస్తోంది. గౌరినాయుడికి సిలిండరు గొట్టం తగిలించి ఉంది గానీ, సిలిండరు ముల్లు అడుగుకి దిగిపోయింది. రాత్రంతా వాడిందే కదా. పెదాలు నేరేడుపండులా ఉన్నాయి. తమ్ముడు కళ్ళెత్తి అన్న మొహం చూశాడు. అన్న తలుపు వైపు తిరిగి, "ఆ గొట్టం ముక్కులోకి సరిగ్గా దోపుకోమని సెప్పండి. సగం గాలి బైటికే పోతన్నాది" అన్నాడంట. తమ్ముడు గొట్టం సర్దుకుని, ఆయాసపడుతూ కప్పు వైపు చూసి, "మోసేతులు నెత్తురు కారతన్నాయని సెప్పే" అన్నాడంట. తలుపు చాటున ఉన్న ఆ మనిషి ఎవరికి ఏది చెప్పాలో తెలియక ఏడ్చింది.

ఈలోగా పోలమ్మ వీధిలోకి పోయి అరిచిన అరుపు మందిరం దాకా వినపడింది. దానికి మైకు అక్కర్లేదు. "ఒరే గవరయ్యా, నీ పాట మండా, మా మరిదిని సంపీసినావు కదరా!" గవరయ్య గోడ చివర వేలాడుతున్న తన తీగని చూసుకున్నాడు, సంగతి అర్థమైంది. కాలింది స్టెబిలైజరే, మిషను కాదని తెలిసి మందిరానికి పరుగెత్తాడు. మైకు సెట్టుకి కూడా అలాంటి డబ్బా ఒకటుంటుంది. దాన్ని తీగలతో సహా పీకుతుంటే ఒకరిద్దరు పెద్దలు అడ్డం పడ్డారు, రేపు పొద్దున్న దేవుడి మాటేమిటి అని. అర్చకుడు దాసుగారు మాత్రం, "తీసుకుపో నాయనా. ఆయనకి చెముడు లేదు. రేపట్నుంచి నోటితో పాడతాను" అన్నాడు. గవరయ్య డబ్బా గుండెలకి హత్తుకుని వచ్చి తగిలించాడు. తవిటినాయుడు గోడ మీంచే వెనక్కి వెళ్ళి పిడి పట్టుకున్నాడు. కంచం కోసం చూస్తున్నాడు, మోగలేదు. ముందు మిషను గుర్రుమంది. ఆ తరవాత టంగుమంది, ఒకే ఒక్క దెబ్బ.

సిలిండరు అడుగంటింది కాబట్టి ఇక రాత్రిళ్ళు కూడా ట్రాక్టరే. అయితే ఆ రోజునుంచి డీజిలు తవిటినాయుడు వెతుక్కోలేదు. మడిలో నీళ్ళు తోడే ఇంజనున్న ప్రతివాడూ తన క్యానులో ఉన్నది తెచ్చి పాక ముందు పెట్టి పోయేవాడు. గవరయ్య అయితే గోడ చివర పీట వేసుకుని కూర్చున్నాడు, తీగ మీద ఇంకెవడూ చెయ్యి వెయ్యకుండా. "ఇంటికి పోరా" అంటే, "నీవు దిగితే నానూ పోతాను బావూ" అనేవాడు. చివరికి చెట్లు నరికారు, స్తంభాలు లేపారు, కరెంటు వచ్చింది. తవిటినాయుడు ఇంజను ఆపేసి దిగితే వేళ్ళు పిడి పట్టుకున్నట్టే వంగి ఉండిపోయాయంట. పోలమ్మ ఒక్కో వేలికీ నూనె రాసి సాగదీసింది. గౌరినాయుడు దక్కాడు.

తరవాత ఏమైందంటే, తవిటినాయుడి పేర ఒక ఉత్తరం వచ్చింది. పక్కింటి నుంచే, స్టాంపు అంటించి, పోస్టులో. పెట్టెలో వేస్తే పట్నం దాకా పోయి, ముద్ర వేయించుకుని, తిరిగి అదే వీధికి వచ్చింది. పోస్టుమాను రెండు గుమ్మాలూ మార్చి మార్చి చూసి, "గోడ మీంచి అందిస్తే పోయేది కదండీ నాయుడుగారూ" అన్నాడు. "నీకు జీతం ఇచ్చేది దేనికి?" అన్నాడు ఈయన. విప్పి చదువుకున్నాడు. అందులో ఉన్నది ఇంతే: 'అన్నకు నమస్కారాలు. నేను బతికే ఉన్నాను. నా మీద నీకు కోపం పోయిందని అనుకోమంటావా, పోలేదని అనుకోమంటావా? నీవు ఏది రాస్తే దానికి తగ్గట్టు నడుచుకుంటాను.' పోయిందని రాస్తే అది నిజం కాదు. పోలేదని రాస్తే అదీ నిజం కాదు. ఆయన అబద్ధం రాసే మనిషి కాడు. కార్డు కొన్నాడు, చిరునామా కూడా రాశాడని పోలమ్మ చెప్పింది. ఆ మీద ఒక్క అక్షరం పడలేదు. ఆ ఉత్తరానికి జవాబు ఇవాళ్టికీ వెళ్ళలేదు.