పాడుతున్న పార్కు

కూర్చోమంటే కూర్చుంటా గానీ సాగర్ సారూ, ఆ ఫైలు మూసి నా మాట వినండి. పార్కు గేటు దగ్గర జేసీబీ వచ్చి నిలబడింది. వేపచెట్లకు సున్నంతో గీతలు పెట్టినారు, రేపు కొట్టేదానికి. ఎవరు కొట్టమన్నారంటే, నేనంట. నా అర్జీనంట.

కొట్టొద్దని రాసినా సారూ నేను.

అసలు ఆ అర్జీ నా దగ్గరికెట్ల వచ్చిందో చెప్పాల. నేను జీవితమంతా పత్రికలకు రాసింది రెండే సంగతులు. పాట కచేరీలు, పట్నాల్లో పార్కులు. మద్రాసులో కచేరీ విని, పక్క పార్కులో కూర్చుని రాసేవాణ్ణి. కల్యాణి రాగం వింటే వెడల్పాటి పచ్చిక కనపడేది. ముఖారి వింటే గేటు మూసేసిన పార్కు. నవ్వుతారేంది? దాని మీద పుస్తకమే ఉంది నాది. మూలన పడుంది లెండి.

మన ఊళ్లో ఏమనుకున్నారంటే, కచేరీల రైటరంటే తాలూకా కచేరీ ముందర అర్జీలు రాసేవాడనుకున్నారు. రేషన్ కార్డుకు నా దగ్గరికే, పట్టా పేరు మార్పుకు నా దగ్గరికే. వెలిగండ్ల నుంచి పోలయ్యని ఒకాయన వచ్చి, "గొర్రెల లోను మామా, గట్టిగా రాయి" అన్నాడు. కాదు నాయనా, నేను వీణ గురించి రాస్తానంటే, "అయితే ఆఫీసరుకు వీణంటే ఇష్టమా?" అని అడిగినాడు.

వస్తున్నా, అక్కడికే వస్తున్నా.

పార్కు తీసేసి దుకాణాలు కడతారని తెలిసి, పొద్దున నడిచేవాళ్లంతా మా ఇంటికి వచ్చినారు. ఇశ్రాయేలు టీచరు, భాగ్యమ్మక్క, అందరూ. "రైటర్ మామా, నువ్వే రాయాల" అన్నారు. నా ఊరు నా రాతను అడగడం అదే మొదలు. దాన్ని మామూలు దరఖాస్తు మాదిరి ఎట్ల రాసేది? పిట్టలు, సిమెంటు బెంచీల మీద ఆడోళ్ల ముచ్చట్లు, వేపాకుల్లో గాలి, అన్నీ రాసినా. పైన పేరు పెట్టినా, "పాడుతున్న పార్కు" అని.

మీ మున్సిపాలిటీ ఆఫీసులో ఎవరో కంప్యూటర్లో కొట్టేటప్పుడు, ముసలాయన తప్పు రాసినాడని దిద్దినారు. "విషయం: పాడవుతున్న పార్కు గురించి." ఒక్క వకారం, అంతే. కింద అందరి సంతకాలు. పార్కు పాడైపోయింది, తీసెయ్యమని జనమే అడుగుతున్నారని పైకి పోయింది.

లోపల ఏముందో ఎవరూ చదవలేదా? మీరు కూడానా?

పోనీలెండి. చదివించే రాత రాసుండాల నేను.

ఇందాక గేటు దగ్గర ఇశ్రాయేలు, "మామా, నీ తెలుగు మమ్మల్ని ముంచింది గదా" అన్నాడు. భాగ్యమ్మక్క చెట్టు మీది సున్నం గీతను కొంగుతో తుడుస్తా ఉంది. అదే కష్టంగా ఉంది. మోకాళ్ల ఆపరేషన్ అయినాక ఆమె మళ్లీ నడక నేర్చుకున్నది ఆ చెట్ల కింద.

ఏమంటున్నారు? ఆఫీసు తప్పని రాస్తే విచారణ వెయ్యాల. ఫైలు జిల్లాకు పోయి వచ్చేలోపల చెట్లుండవు. అర్జీ పెట్టినవాడే తప్పు రాసినానని ఒప్పుకుంటే మీరు ఈ పూటే ఆపొచ్చు. అంతేనా?

అంటే, పాడేదానికీ పాడయ్యేదానికీ తేడా నాకు తెలియదని. నేను రాసివ్వాల.

మార్కాపురం పలక మీద దిద్దినోణ్ణి సారూ. కర్నూలు కాలేజీలో తెలుగు చెప్పిన మా లెక్చరరు ఉంటే... ఆయన లేడు, బతికిపోయినాడు.

ఆ కాగితం ఇట్లివ్వండి. పెన్ను ఉంది నా దగ్గర. మాటలు మీరే చెప్పండి, మీ ఆఫీసుకు పనికొచ్చే మాట నాకు తోచదు.

ఊఁ. "నాకు తెలుగు సరిగా రానందున..."

రాస్తున్నా సారూ. "రానందున"లో ఏ "న" వెయ్యమంటారో అది కూడా చెప్పండి.