ఎక్కని మేజోడు

తొడ ఎముకకి ఆపరేషన్ జరిగి ఇంటికొచ్చిన అక్క మంచం మీద ఉంది. చెల్లెలు ఆమె కాళ్ళకి, రక్తం గడ్డకట్టకుండా ఆస్పత్రిలో ఇచ్చిన బిగుతు మేజోళ్ళు తొడుగుతోంది.

"నెమ్మదే! కాలది, దిండు గలీబు కాదు."

"నువ్వు కదలకుండా ఉంటేగా! మడమ ఇటు తిప్పు. ఇది పిక్క దగ్గరే ఆగిపోతోందక్కా. నిన్న సులువుగానే ఎక్కిందిగా?"

"ఉతికితే ముడుచుకుపోయి ఉంటుంది."

"రెండూ కలిపే ఉతికాను. ఆ కాలిది హాయిగా ఎక్కిందిగా."

"అయితే కాస్త నీరు పట్టిందేమో. వదిలెయ్."

"కాలిపోతోందక్కా పిక్క! నొక్కితే నొప్పా?"

"అమ్మా! ... లేదు."

"అంత కేక పెట్టి లేదంటావా?"

"నర్సు నువ్వా, నేనా?"

"నువ్వే. కాళ్ళాడించండి, లేచి నడవండి, రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాల మీదకొస్తుందని వార్డులో అందరి వెంటా పడేదానివి. ఇప్పుడు నువ్వు మంచం దిగితేగా!"

"దిగుతున్నాగా."

"గోడ తడుముకుంటూ బాత్రూం దాకా. సరే, గడ్డకట్టకుండా ఇచ్చిన ఇంజెక్షన్ వేసుకుంటున్నావా?"

"ఆఁ."

"రోజూ?"

"ఆఁ అన్నానుగా! పోలీసు విచారణేంటే?"

"ఏదీ, పొట్ట చూపించు."

"ఛీ, ఏంటా పని! చెయ్యి తియ్."

"ఆస్పత్రిలో వేసినప్పుడు పొట్టంతా కమిలిపోయింది. ఇప్పుడు పాత మచ్చలే, అవీ మానిపోతున్నాయి. ఇంజెక్షన్ వేసుకుంటానని రోజూ తలుపేసుకుని లోపల ఏం చేస్తున్నావక్కా?"

"కూర్చుంటున్నా."

"కూర్చుని?"

"ఇంజెక్షన్ సీసా పట్టుకుని కూర్చుంటున్నా. చాలా?"

"సూదికి భయపడే మనిషివి కాదు నువ్వు. బతకాలని లేదా? నిజం చెప్పు."

"పిచ్చిదానా, బతకాలనే వేసుకోలేదు."

"అదేం మాట?"

"మందు ఎక్కువైతే లోపల రక్తం కారుతుంది, తక్కువైతే గడ్డకడుతుంది. సిరంజి మీద గీత చూసి సరిగ్గా లాగాలి."

"నీకు కొత్తా? ఎంతమందికి వేసిన చెయ్యి!"

"ముందు అంబులెన్స్‌కి ఫోన్ చెయ్. ఈ కాలు నాకూ నచ్చట్లేదు."

"చేస్తున్నా... హలో... మా అక్కకండీ, తొడ ఎముక ఆపరేషనైంది, పిక్క వాచిపోయింది... ఊపిరి బానే ఆడుతోందా అంటున్నారు."

"ఆడుతోందను. ఇంటికొచ్చాక ఇంజెక్షన్లు పడలేదని కూడా చెప్పు. దాచకు."

"దాచింది నువ్వు, దాచొద్దని నాకు చెప్తున్నావా! ... ఆ, వినపడుతోందండీ. పడలేదు, ఒక్కటీ పడలేదు... సరే... బయల్దేరారట. నన్ను వెయ్యమంటే వేసేదాన్నిగా అక్కా!"

"ఎందుకని అడిగేదానివిగా."

"అడిగితే?"

"చెప్పాల్సొచ్చేది. ఒకరికి తెలిస్తే నలుగురికి తెలుస్తుంది, నన్ను ఉద్యోగంలోంచి ఇంటికి పంపేస్తారు. కిందటేడాది నుంచే నేను సూది పట్టట్లేదు. కుర్ర నర్సుల చేత వేయించి పక్కన నిలబడేదాన్ని."

"ఎందుకు?"

"గీతలు కనపడట్లేదే."

"అంతేనా! అద్దాలు మార్చుకుంటే..."

"మార్చా. అద్దాలకి లొంగేది కాదది. చూసిన చోటల్లా మధ్యలో మసక. ఏడవకు."

"నేనేం ఏడవట్లేదు."

"ఏడుస్తున్నావు. నీ గొంతు చెప్తోంది. నీ మొహం కనపడటం ఎప్పుడో మానేసిందే."