పక్క వరసలో పడిన బంతి

షార్జా క్లబ్బు పచ్చికలో లాన్ బౌల్స్ పోటీ. దొర్లించాల్సిన ఆఖరి బంతి పట్టుకుని నిలబడ్డ రత్నబాబుకి ఒళ్ళు మండిపోతోంది. పొద్దున్నుంచీ తను వేసిన ఒక్క బంతీ, గురిగా పెట్టిన చిన్న తెల్ల బంతి దరిదాపులకు పోలేదు. పక్కనే జోడీగా ఆడుతున్న భార్య కృపాకుమారి.

"తిన్నగా వేయకండి. దానికి ఒక పక్క బరువండీ, వంగే పోద్ది."

"నాకు తెలుసు! నేనేమీ నీ వార్డులో పేషెంటును కాదు."

"నావి దగ్గరే పడ్డాయి, ఇదొక్కటీ పడితే కప్పు మనదే."

బంతి వంగి వంగి పక్కన వేరే ఆట ఆడుతున్నవాళ్ళ వరసలోకి పోయింది.

"ఖలాస్! ఇంక ఈ క్లబ్బు గడప తొక్కను."

"అటు చూడండి, వాళ్ళ తెల్ల బంతికి ఆనుకుని ఆగింది! చప్పట్లు కొడుతున్నారు. చెయ్యి ఊపండి."

కోపంగానే ఊపాడు.

"వచ్చే శనివారం వాళ్ళ వరసలోంచి వేస్తా. అప్పుడు మనదాంట్లోకి రాక ఎక్కడికి పోద్ది?"