నాలుగో సూది

నా పేరు నాంజిల్మా, గోంబోజావ్ కూతురిని. వయసు యాభై రెండు. పశువుల డాక్టరును. ఉలాన్‌బాతర్ ఉత్తరపు గుడారాల బస్తీలో ఇరవై ఆరేళ్లుగా పని చేస్తున్నాను.

మార్చి పద్నాలుగు, గురువారం. ఉదయం తొమ్మిది నలభైకి హోర్లో అనే అవ్వ ఆవరణలోకి వెళ్లాను. అవ్వకు చూపు ఆనదు. కంచె మూలనున్న మరుగుదొడ్డికి కూడా కుక్క మెడ పట్టుకునే వెళ్తుంది. ఆ ఆడకుక్కకు తోక కింద పిడికిలంత గడ్డ ఉండేది, రక్తం కారేది. వారానికొక సూది చొప్పున మూడు వేశాను. గడ్డ చిక్కుడు గింజంత అయింది. ఆ రోజు నాలుగోది. బహుశా చివరిది.

ఈ గడ్డ కుక్క నుంచి కుక్కకే అంటుతుంది, జతకట్టినప్పుడు. గడ్డలోని కణాలే ఒక ఒంటి నుంచి ఇంకో ఒంట్లోకి పోయి పెరుగుతాయి. మనుషులకు రాదు. దాదాపు అన్నిటికీ నయమవుతుంది. నయమయ్యే రోగానికి తూటా మందని ఏ చదువుకున్నవాడు తేల్చాడు?

"డాక్టరమ్మా, ఉపన్యాసం వద్దు, జరిగింది చెప్పండి" అన్నారు ఈ వాంగ్మూలం రాసుకుంటున్న పోలీసు కెప్టెన్ గారు. అదీ రాయమన్నాను.

తొమ్మిది యాభైకి గేటు అవతల ఎవరో "కుక్కని పట్టుకోండి!" అని కేకేశారు. మా దగ్గర ఏ ఇంటికొచ్చినా అనే మాటే. కుక్క లేని ఇంటి ముందూ అంటారు. లోపలికి రావచ్చా అని అర్థం.

"పట్టుకోవే తల్లీ, ఎవరో చుట్టాలొచ్చారు" అని అవ్వ మా ఉప్పు టీ పోయడానికి గుడారంలోకి వెళ్లింది.

సిరంజి పక్కన పెట్టాను. రెండు చేతులతో మెడ పట్టుకున్నాను. వచ్చినవాడు రోగమున్న కుక్కల్ని కాల్చడానికి నగరం వాళ్లు పెట్టుకున్న కాంట్రాక్టు మనిషి, గంజోరిగ్. మూడడుగుల దూరం నుంచి కాల్చాడు.

"భలే పట్టుకున్నావక్కా. లేకపోతే రెండోది పేల్చాల్సొచ్చేది" అన్నాడు.

"ఏంటే ఆ చప్పుడు?" అంటూ అవ్వ గిన్నెతో బయటికొచ్చింది.

"ఏం లేదమ్మమ్మా" అని అతను గిన్నె అందుకుని తాగాడు. ఉప్పు సరిపోయిందన్నాడు.

కళేబరం ఇవ్వకుండా అతని వ్యాను ముందు రెండు గంటలు కూర్చున్నాను. నా మీద కేసు ఆ రెండు గంటలు అడ్డుకున్నందుకు పెట్టారు. ఒప్పుకుంటున్నాను.

ఇదంతా నాకు చదివి వినిపించారు. 'కుక్క కదలకుండా ఉంది' అని రాసిన చోట కొట్టేయించి, 'నేను కదలనివ్వలేదు' అని రాయించాను. మిగతాదీ నిజమే.

(సంతకం) గో. నాంజిల్మా