కుక్క కులాసా

రేపల్లె దగ్గర నగరం మండలంలో ఒక పల్లె. కరెంటు లేదు. వసారాలో నవారు మంచం మీద ఒక కుక్క పడుకుని ఉంది. వారం కిందట కుక్క కాటు తిన్న నరసింహారావు కింద చాప మీద కూర్చుని, విసనకర్రతో దానికి విసురుతున్నాడు. భార్య ప్రమీలారాణి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆమె తమ్ముడు మనోజ్ తెనాలి నుంచి అప్పుడే వచ్చాడు, ఇంకా చెప్పులు విడవలేదు.

“మెల్లిగా మాట్లాడు మనోజూ. ఇప్పుడే కునుకు పట్టింది దానికి.”

“పడితే పట్టనీ బావా. నువ్వు చొక్కా వేసుకో, ఆసుపత్రికి పోదాం.”

“ఎందుకు?”

“ఎందుకేంటి! కుక్క కరిచింది. సూది వేయించుకోవాలి.”

“కరిచిన కుక్క బాగుందిగా. చూడు, పొట్ట ఎంత నిమ్మళంగా లేచి పడతందో. పది రోజులు కుక్క బతికితే మనిషికి భయం లేదంటారు. అందుకని నన్ను నేను చూసుకోవటం మానేశా. దీన్నే చూస్తన్నా.”

“చూస్తున్నావా, మేపుతున్నావా? ఆ గిన్నెలో ఏంటది?”

“మటన్. కారం తగ్గించి వండిద్ది మీ అక్క.”

“అక్కా! నేను ఈ ఇంటికి ఎన్నిసార్లు రాలేదు, ఒక్కసారన్నా నాకు మటన్ పెట్టావా?”

“నువ్వు పోతే మీ బావ పోతాడంట్రా? అది పోతే పోతాడు. తిననీ దాన్ని.”

“నీ చేతికి గుడ్డేంటి?”

“కత్తిపీట. కాళ్ళు కడుక్కో ముందు.”

“కడుక్కుంటాలే. బస్సు దిగ్గానే లక్ష్మమ్మ పిన్ని కనపడింది. మీ బావకెలా ఉంది అని అడుగుతుందేమో అనుకున్నా. ‘కుక్క కులాసాయేనా అబ్బాయ్?’ అంది.”

“ఆవిడ రోజూ అడిగిద్ది. మంచి మనిషి. నిన్న బిస్కెట్లు కూడా పంపింది.”

“మంచానికి ఆ దోమతెర ఎవరిది?”

“మాదే. దానికి జొరమొస్తే ఎట్టా?”

“మీకొస్తే?”

“మాకొస్తే ఏముంది, మాత్ర వేసుకుంటాం.”

“బావా, కాసేపు ఆ విసనకర్ర పక్కన పెట్టి విను. దీన్ని రేబిస్ అంటారు. వైరస్.”

“కరోనా లాంటిదా?”

“అది గాలిలో వచ్చింది. ఇది కుక్క చొంగలో వస్తుంది. పన్ను దిగిన చోట నరం పట్టుకుంటుంది. నెత్తురులో పోదు, నరం వెంటే మెల్లిగా మెదడు దాకా ఎక్కుతుంది. అక్కడికి చేరిందా, ఇక ఏ డాక్టరు చేతిలోనూ ఏం లేదు. చేరకముందే సూది పడాలి.”

“నన్ను పిక్క మీద కదా కరిచింది. అంటే చివరాయకట్టు. కాలవ నీళ్ళు అక్కడి నించి తలకాయ దాకా ఎక్కాలంటే ఎన్ని నెలలు పట్టిద్ది!”

“మీ చేలకి నీళ్ళు రాకపోవచ్చు బావా. ఇది మాత్రం వచ్చి తీరుద్ది. కరిచినరోజు కడిగావా, అదన్నా?”

“కడిగా. పంపు కింద కాలు పెట్టి, సబ్బేసి, చేతులు నొప్పి పుట్టిందాకా. మీ అక్క కారం, సున్నం తెస్తే వద్దన్నా.”

“అబ్బో. ఎవరు చెప్పారు నీకు?”

“ఎవరో. ఎరువుల కొట్టు దగ్గర.”

“ఎరువుల కొట్టు మాటెత్తకండి! తమ్ముడూ, యూరియాకని రేపల్లె పోతారు, ఖాళీ సంచి ఊపుకుంటా వస్తారు. మళ్ళీ పోతారు. మళ్ళీ ఖాళీ సంచే.”

“స్టాకు లేదే.”

“లేదని తెలిసీ మళ్ళీ ఎందుకు పోవటం?”

“ఉందేమోనని.”

“సరే, యూరియా తర్వాత తిట్టుకోండి. బావా, పది రోజులు కుక్కని చూడమనేది సూది మొదలెట్టి చూడమని. చూసి మొదలెట్టమని కాదు.”

“ఒరేయ్ తమ్ముడూ, సూది మాట నా ఇంట్లో ఎత్తకు. నా మీద ఒట్టేయించుకున్నా ఆయన చేత. బాపట్లలో చిన్నాన్నకి బొడ్డు చుట్టూ పొడిచారు, మర్చిపోయావా? నడిచి వెళ్ళినోడు మోసుకొస్తే వచ్చాడు.”

“అక్కా, చిన్నాన్నకి ముందు ఎవరి దగ్గరో ఆకుపసరు పోయించారు. ఇంకెవరో తాయెత్తు కట్టారు. చివరికి మంచినీళ్ళ చెంబు చూసి గొంతు పట్టుకుని కేకలు పెడుతుంటే అప్పుడు ఎక్కించారు బండి. ఆయన్ని చంపింది సూది కాదు, ఆలస్యం. ఇప్పుడు బొడ్డు చుట్టూ పొడవరు, జబ్బకే. వారం దాటినా సరే, గొంతు పట్టుకోకముందు ఎప్పుడు వేయించుకున్నా మేలే.”

“అవసరం లేదంటన్నాగా తమ్ముడూ. కుక్క శుభ్రంగా ఉంది.”

“అవును మనోజూ, దీని సంగతి నీకు చెప్పలేదు కదా. మొదట్లో నానా యాతన పడింది. చొంగ కార్చేది. గుంజని కొరికేది. అరిస్తే గొంతు బొంగురు. ఇంక అయిపోయిందిలే అనుకున్నా. శుక్రవారం పొద్దున లేచి చూస్తే, తోక ఊపుతా కూర్చుంది!”

“ఏంటీ? చొంగ కార్చి, గుంజ కొరికి, తేరుకుందా?”

“మొక్కుకున్నాన్రా నేను.”

“మొక్కుకి తేరుకునే రోగం కాదక్కా ఇది. ఆ లక్షణాలొచ్చిన కుక్క బతకదు. ఆగు, కట్టేసినరోజు బావ ఫోటో పంపాడు నాకు. ఇదిగో. ఇందులో తోక బారెడుంది. దీనికి సగమే ఉంది.”

“చిక్కిపోయిందిరా.”

“చిక్కితే తోక పొట్టిదయిద్దా?”

“భయానికి.”

“ఇందులో చెవి మీద నల్లమచ్చ ఉంది.”

“నీళ్ళు పోశా. మురికి వదిలింది.”

“అక్కా, ఫోటోలోది పోతుకుక్క.”

“అయితే?”

“అది కూడా నీళ్ళు పోస్తే వదిలిందా?”

“గట్టిగా అరవకురా, ఆయన వింటారు.”

“నేనిక్కడే ఉన్నానే. చాప మీద.”

“అక్కా, చెప్పు.”

“ఏం చెప్పను?”

“పాత కుక్కేది?”

“పోయింది.”

“ఎక్కడికి?”

“ఎక్కడికేంట్రా, పోయింది! గురువారం. ఆయన లేచి చూస్తే గుండాగిపోద్దని, అది బతికే ఉందనుకుంటే ఈయన బతుకుతాడని… లక్ష్మమ్మ పిన్ని వీధిలో దీన్ని చూశా. రంగు కలిసింది. బిస్కెట్ చూపిస్తే వెంట వచ్చింది. ఏవండీ, కోప్పడకండి. తోక నేను చూసుకోలేదు.”

“అందుకా ఆవిడ రోజూ కులాసా అడిగేది! తన వీధి కుక్కకి మటన్ అందుతుందో లేదోనని! బావా, విన్నావా? నిన్ను కరిచింది చచ్చిపోయింది.”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“నేను తాడుకి వేసేది ఎద్దుముడి. శుక్రవారం పొద్దున దీని మెడకి జడముడి ఉంది. అరటిచెట్ల పక్కన కొత్త మన్ను, దాని మీద పసుపు. నేను పిలిస్తే పళ్ళు చూపించే కుక్క ఒళ్ళో తల పెట్టింది. కళ్ళున్నాయిగా నాకు.”

“తెలిసీ విసనకర్రతో విసిరారా?”

“దీన్ని చూసి నువ్వు ధైర్యంగా ఉన్నావు గదా. నా ధైర్యం నీ కోసం, నీ ధైర్యం నా కోసం. మధ్యలో దీనికి పట్టింది యోగం.”

“బావా, నీకు మతి ఉందా? కరిచిన కుక్క చచ్చిందని తెలిసీ, సూది లేకుండా ఇన్నాళ్ళు…”

“యూరియా.”

“ఏంటి?”

“రేపల్లెలో స్టాకుంది. సర్కారు ఆసుపత్రిలో. కరిచిన మర్నాడే మొదలెట్టా. పిక్కలో గాయం చుట్టూ ఇంకో మందేదో ఎక్కించారు, మిగతావన్నీ జబ్బకే. చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఇంకో రెండుసార్లు యూరియాకి పోవాలి.”

“నా మీద ఒట్టేశారు!”

“వేశా. ఒట్టు తీసి గట్టు మీద పెట్టి బస్సెక్కా. నీకేం కాలేదుగా.”

“హమ్మయ్య! బావా, నిన్ను… వచ్చినప్పట్నించీ నా చేత పాఠం చెప్పించావు కదయ్యా!”

“మీ అక్క వింటదని చెప్పనిచ్చా. నా మాట వినదు.”

“సరే సరే. అంతా మంచికే. ఇక ఆ కుక్కని విప్పేయండి, లక్ష్మమ్మ పిన్ని సంతోషిస్తుంది. అక్కా, కాసిని కాఫీ పెట్టు… అక్కా?”

“విప్పొద్దు.”

“ఎందుకు?”

“ఇంకొన్నాళ్ళు ఉండనీ.”

“బావ సూదులు వేయించుకున్నాడు కదా. ఇంకా ఎవరి కోసం?”

“తింటంది పాపం. ఉండనీ.”

“ప్రమీలా.”

“ఏంటండీ?”

“కత్తిపీట కోసుకుందన్నావు. అప్పటికింకా మటన్ తేలేదు. ఏం కోస్తా కోసుకుందే?”

“వంకాయలు.”

“వంకాయలు నువ్వు చాకుతో తరుగుతావు.”

“ఆ రోజు చాకు కనపళ్ళా.”

“ప్రమీలా. ఆ గుడ్డ విప్పు.”

“మానిపోయిందండీ.”

“విప్పు.”

“కోప్పడనంటే విప్పుతా.”

“కోప్పడను.”

“బుధవారం మీరు యూరియా దొరకలేదని చేలోకి పోయారు. అది ఏమీ తినట్లేదు. పాలన్నా పట్టిద్దామని మూతి పట్టుకున్నా. పళ్ళు దిగినయ్. కొద్దిగానే. చెబితే సూదికి లాక్కుపోతారని కత్తిపీట అన్నా. మర్నాటికి అదేమో పోయింది. చూసుకుందామంటే లేదుగా మరి. అందుకని నేనూ దీన్నే చూస్తన్నానండీ.”