మట్టిలో వదిలేసే రెండు కొమ్ములు

ఆగాగు, ఆ రెండూ తియ్యకు. గుంట తవ్వమన్నాను గానీ ఖాళీ చెయ్యమన్నానా? చివరి రెండు ఆవు కొమ్ములూ ఎప్పుడూ వదిలేస్తాం. మట్టి కప్పెయ్. ఎందుకంటే... చెప్తాలే, ముందు ఆ పీపా ఇటు లాగు. వాన నీళ్లే కదా పోశావు? కుళాయి నీళ్లు గనక పోసి ఉంటే ఎవ్గెన్ మాస్టారు సమాధిలోంచి లేచొచ్చి క్లాసు పీకుతాడు. సరే, ఒక కొమ్ము తీసుకుని పీపా అంచుకేసి తట్టు, లోపలి పేడ అదే రాలుతుంది. వాసన చూడు. చలికాలమంతా మట్టిలో ఉన్నాక పేడ వాసన ఉండదు, అడవి వాసనొస్తుంది. ఇక తిప్పు. మోచెయ్యి దాకా ముంచు, సిగ్గుపడకు. మధ్యలో అడుగు కనపడేంత లోతుగా సుడి పడాలి, పడగానే చటుక్కున వెనక్కి తిప్పాలి. మళ్లీ సుడి, మళ్లీ వెనక్కి. గంటసేపు, అప్పుడే ఆ నీళ్లు తోటకి చల్లేది. అవునే అమ్మాయ్, గంటే. నాకు భుజం పోయింది కాబట్టి నువ్వు తిప్పు, నేను మాట్లాడతాను. మన సంఘంలో మొదట్నించీ పనులు పంచుకునే తీరు ఇదే, మాట్లాడేవాళ్లు ఎక్కువ, తిప్పేవాళ్లు తక్కువ.

ఓటీలియా అని ఉండేదిలే. టీల్కక్క అనేవాళ్లం. నువ్వు కొనుక్కున్న ఇల్లు ఆమెదే. ఇల్లంటే ఏముంది, రెండు గదులూ, వాటికి మూడింతలు పశువుల కొట్టమూను. నీకు అమ్మినాయన ఇవన్నీ చెప్పి ఉండడు. ఆయన టీల్కక్కకి ఏదో దూరపు మేనల్లుడు, ఆమె బతికుండగా ఈ గుమ్మం తొక్కిన పాపాన పోలేదు. మొగుడు పోయాక ఆ కొట్టంలో ఆమె ఉండేది, లిస్కా ఉండేది. లిస్కా అంటే ఆవు. నుదుటి మీద తెల్ల మచ్చ, మొహం చూస్తే ఎప్పుడూ ఎవరి మీదో అలిగినట్టుండేది. ఊళ్లో పాలకేంద్రం ఎత్తేశాక అందరం ఆవుల్ని తోలేశాం. ద్రాక్షతోటే లాభం, పశువుల వెనక ఎవడు పరిగెడతాడు అన్నారు. టీల్కక్క మాత్రం తోలలేదు. ఆ వ్లాద్కో లేడూ, ఇప్పుడు నీకు తెలిసిన వ్లాద్కో కాదు, వాళ్ల నాన్న, పేరు అదే, ఆదివారం చర్చిలో ఆమె పక్క బల్ల ఖాళీగా ఉన్నా వెళ్లి వెనకెక్కడో నిలబడేవాడు. ఎందుకురా అంటే, పేడ కంపు, అనేవాడు. వాడి చొక్కాకి కొట్టే సారాయి కంపు మాత్రం వాడికి తెలిసేది కాదు. అటు, అటు తిప్పు. సుడి పడింది కదా, ఇంక చూస్తావేం.

ఇదిలా ఉండగా ఎవ్గెన్ మాస్టారు రిటైరయ్యాడు. బడి లేని బడిపంతులు ఊరికి ఎంత చేటో నీకు తెలీదు. ఎక్కడో ఆస్ట్రియాలో ఏదో సమావేశానికి పోయి, మందుల్లేకుండా, ఎరువుల్లేకుండా, చంద్రుణ్ణి చూసి సాగు చెయ్యడం నేర్చుకొచ్చాడు. ముందు నవ్వాం. తర్వాత ఒకరిద్దరు చేరారు. తర్వాత వ్లాద్కో కూడా చేరాడు, ఎందుకంటే చేరినవాళ్ల వైను మంచి ధరకి పోతోందని విన్నాడు. నేనా? నేను కబుర్ల కోసం చేరాను. నాకు రెండు సాళ్లు ద్రాక్ష, పది కోళ్లు. కోళ్లకి శనిగ్రహంతో ఏం పని చెప్పు.

సంఘం పెట్టాక చిక్కొచ్చి పడింది. కొమ్ముల్లో కూరడానికి పేడ కావాలి. ఆ పేడ కొమ్ములున్న ఆవుదే అవ్వాలి. చుట్టుపక్కల ఎక్కడ చూసినా దూడగా ఉన్నప్పుడే కొమ్ములు కాల్చేసిన ఆవులే. ఖాళీ కొమ్ములంటే బోస్నియా నించి గోతాల్లో తెప్పించారు గానీ పేడ తెప్పించలేరు కదా. చివరికి ఊరంతా వెతికితే తేలిందేమిటంటే, కొమ్ములతో ఉన్న ఆవు ఒక్కటే ఒకటి, అది టీల్కక్క కొట్టంలో ఉంది. అప్పుడు చూడాల్సింది అమ్మాయ్. ముక్కు మూసుకున్నవాళ్లంతా బకెట్లు పట్టుకుని వరసలో. ముందు వ్లాద్కో. ఆమె గుమ్మంలో నిలబడి, "పేడ ఊరికే రాదు నాయనా, ముందు కొట్టం కడగండి," అంది. కడిగారు. మాస్టారు కోటు విప్పి కడిగాడు. ఆ కొట్టం అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు, ఆ తర్వాతా లేదు.

అప్పట్నించి సంఘం కూడేది ఆమె వంటింట్లోనే. పొయ్యి మీద జోతా పులుసు ఉడుకుతూ ఉండేది, బల్ల చుట్టూ వీళ్లు. చంద్రుడు సింహంలో ఉన్నప్పుడు కొమ్మలు కత్తిరించాలా వద్దా అని రెండు వారాలు మాటల్లేకుండా పోయిన అన్నదమ్ములు నాకు తెలుసు. ఇంకో గొడవ, తిప్పేటప్పుడు మనసులో మంచి ఆలోచనలే ఉండాలట, లేకపోతే నీళ్లకి తెలిసిపోతుందట. పైవీధి మిల్కా మొగుణ్ణి తిట్టుకుంటూ తిప్పేది, ఆ ఏడు అందరికంటే ఆమె ద్రాక్షే బాగా కాసింది. ఈ సంగతి మాస్టారు దగ్గర ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. టీల్కక్క మాత్రం ఓ మూల ఉన్ని అల్లుకుంటూ కూర్చునేది. ఆమెకి వీటి మీద నమ్మకం లేదు. "లిస్కా పేడ నా బంగాళదుంపలకి వేస్తాను, అవి ఊరతాయి. దానికి గ్రహాల సాక్ష్యం ఎందుకు?" అనేది. మాస్టారు ఓపిగ్గా నవ్వేవాడు, బడిలో మొద్దు పిల్లల్ని చూసి నవ్వినట్టు.

నీకు ఆవు కొమ్ము చూడ్డం వచ్చా? ఆవు ఈనినప్పుడల్లా కొమ్ము మొదట్లో ఉంగరంలా ఒక గీత పడుతుంది. చూడి కట్టని ఏడు గీత పడదు, వెడల్పుగా ఖాళీ ఉంటుంది. అది మాస్టారికీ తెలుసు, బొమ్మ గీసి మాకు పాఠం చెప్పాడు. టీల్కక్కకి అది పాఠం కాదు. పాలు పితికాక లిస్కా కొమ్ము మీద బొటనవేలు పెట్టి జరుపుకుంటూ పోయేది. ఇదిగో, ఇది వడగళ్లు పడ్డ ఏడు. ఇది మా ఆయన పోయిన ఏడు, దూడ వెనక కాళ్లు ముందొచ్చి చచ్చేంత పనైంది. ఈ ఖాళీ, నేను ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు, దీన్ని ఎద్దు దగ్గరికి తోలుకెళ్లే దిక్కు లేక, అంటూ. మనం ఫొటోలు చూసుకుంటాం కదా, ఆమె అలా. ఇంట్లో మొగుడి ఫొటో ఒక్కటీ ఉండేది కాదు తెలుసా. ఎందుకక్కా అంటే, "కొట్టంలో ఉన్నాడుగా," అనేది. నువ్వు మరీ నెమ్మదించావు. చెయ్యి మార్చుకో.

సెప్టెంబరులో లిస్కా పోయింది. ముసలిదైపోయిందిలే. పొద్దున వెళ్లేసరికి పడుకున్నట్టే ఉందట. టీల్కక్క పార పట్టుకుని వాల్‌నట్ చెట్టు కింద గొయ్యి మొదలుపెట్టింది. ఆ వయసులో, ఒక్కతే. మాస్టారు పరిగెత్తుకొచ్చి ఆపాడు. చచ్చిన పశువుని పెరట్లో పూడ్చకూడదు, చట్టం ఒప్పదు, బండొచ్చి తీసుకుపోతుంది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. బండొచ్చింది. ఇనప కొక్కెం, గొలుసు... ఆ కాస్తా వదిలేద్దాం. బండి రాకముందు మాస్టారు మెల్లిగా అడిగాడు, కొమ్ములు సంఘానికి ఇస్తావా అని. మిఖాయేల్ పండగ దగ్గర పడింది, కొమ్ములు పాతే రోజులవి. ఆమె పార చెట్టుకి ఆనించింది. తర్వాత, "పాతండి. చలికాలమంతా ఇక్కడి మట్టిలో ఉండనీ. వసంతంలో ఆ రెండూ నాకు తిరిగిచ్చెయ్యాలి," అంది. మాస్టారు గుండె మీద చెయ్యేసుకుని మాటిచ్చాడు. కలిసిపోకుండా ఆమే రెండింటికీ ఎర్ర ఉన్ని దారం కట్టింది, అల్లుతున్న స్వెట్టర్లోంచి తెంపి.

పాతిన రోజు నేనూ ఉన్నాను, గొడుగు పట్టుకుని. లిస్కా ఆఖరి పేడ కూరి, కొమ్ములన్నీ గుంటలో పేరుస్తున్నారు. మాస్టారు ఎర్ర దారం చూసి ఆగిపోయాడు. రంగు వేసిన దారం, ఆ రంగులో ఏం మందుందో, అది మట్టిలో నానితే గుంటలో ఉన్నదంతా చెడుతుంది, మందు తగలకూడదనే కదా ఇదంతా అన్నాడు. అందరూ అవునన్నారు. అదీ నిజమే కదా మరి. దారాలు విప్పి జేబులో పెట్టుకున్నాడు. ఫరవాలేదు, లిస్కావి ఈ మూల పెడదాం, గుర్తుంటుంది అన్నాడు. మూల పెట్టాడు. మట్టి కప్పడమే తరువాయి, వాన కుండపోతగా మొదలైంది. గుంటలోకి నీళ్లు చేరుతున్నాయి. వ్లాద్కో, "మాస్టారూ, ఇది గుంట కాదు బావి. పైకి మారుద్దాం," అని అరిచి, ఆయన ఏదో అనేలోపే చేతికి దొరికినవి దొరికినట్టు గోతంలో వేసి పైగట్టుకి పట్టుకుపోయాడు. అక్కడ కొత్త గుంటలో బోర్లించేశాడు. మూల ఏది, మధ్య ఏది. మాస్టారు వానలో కళ్లద్దాలు తుడుచుకుంటూ, "గీతలున్నాయి కదా, వసంతంలో గీతలు చూసి పోల్చుకుందాం," అన్నాడు. టీల్కక్క ఆ పూట రాలేదు. ఆమెకి ఎవరూ చెప్పలేదు కూడా. చెప్పాల్సింది మాస్టారు, ఆయన వసంతం మీద నమ్మకం పెట్టుకున్నాడు.

ఆ చలికాలం పాడు చలికాలం. వాన, మధ్యలో కొండల మీంచి కొట్టే బూర్యా చలిగాలి, మళ్లీ వాన. ఈస్టర్ అయ్యాక తవ్వాం. ముసలి కొమ్ములు తడిలో నానితే ఏమవుతాయో ఇప్పుడు నీ చేతిలో చూశావు కదా, పొరలు పొరలుగా లేస్తాయి, ఉల్లిపాయ పొట్టులా. పై పొరతో పాటు గీతలు కూడా పోతాయి. అన్నీ నల్లగా, మెత్తగా, ఒక్కలాగే. టీల్కక్క తెల్ల తువ్వాలు పరిచిన బుట్ట పట్టుకుని వచ్చింది. దారాల కోసం చూసింది. మాస్టారు చెప్పాడు, అన్నీ చెప్పాడు, దారం సంగతి, వాన సంగతి. ఆమె బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని, ఒక్కో కొమ్మూ ఒళ్లో పెట్టుకుని ఆప్రాన్‌తో తుడిచి, బొటనవేలితో తడిమి, పక్కన పెట్టడం మొదలుపెట్టింది. మేమంతా చుట్టూ నిలబడ్డాం. ఎప్పుడూ నోరు మూతపడని సంఘం, అప్పుడు చూడాలి. ఆమె వేలి కింద పొరలు ఊడి వస్తున్నాయి. వ్లాద్కోకి పాపం ఆగలేదు, కాస్త బాగున్న రెండు ఏరి కడిగి తెచ్చి, "అక్కా, ఇవే. నాకు గుర్తు," అన్నాడు. ఆమె తడిమి చూసి తిరిగి ఇచ్చేసింది. "ఇది ఎక్కువ ఈనలేదురా," అంది. అంతే. చివరిదాకా చూసింది. ఖాళీ బుట్టలో తువ్వాలు మడత కూడా చెదరలేదు, అలాగే పట్టుకుపోయింది.

ఆ తర్వాత సంఘం ఆమె ఇంట్లో కూడలేదు. ఆమె రావద్దనలేదు, మాకే మొహం చెల్లలేదు. మాస్టారు అందర్నీ పోగుచేసి, కొండల్లోకెళ్లి ఓ పెయ్యని కొనుక్కొచ్చాడు. ముద్దుగా, చిన్న చిన్న కొమ్ములతో. టీల్కక్క వాకిట్లో కట్టేశారు. ఆమె దాని గంగడోలు నిమిరింది, నీళ్లు పెట్టింది, సాయంత్రానికి తాడు పట్టుకుని మాస్టారింటికి తోలుకొచ్చేసింది. "దీని పేడ కావాల్సింది మీకు. మీరే పెంచుకోండి మాస్టారూ," అంది. మాస్టారికి ఆవుని పెంచడం ఏం వచ్చు. అయినా పెంచాడు. పోయేదాకా పెంచాడు, ప్రతి పొద్దూ తనే పాలు పితికేవాడు, సగం నేలపాలు. మేం నవ్వేవాళ్లం, ఆయన నవ్వేవాడు కాదు.

టీల్కక్క మరుసటి చలికాలం పోయింది. బూర్యా మూడు రోజులు కొట్టింది, తలుపు తీసి చూసేవాళ్లు లేరు. ఆమెని నేనే కడిగి, బట్టలు మార్చాను. పెట్టె మొయ్యడానికి మగాళ్లు వచ్చారు. చలికి కొట్టంలో చేరారు. గడ్డి తొట్టి పైన దూలానికి రెండు మేకులు కొట్టి ఉన్నాయి, ఆవు కొమ్ముల మధ్య ఎంత ఎడం ఉంటుందో అంత ఎడంలో. కొత్త మేకులు, తుప్పైనా పట్టలేదు. కొమ్ములు వస్తాయని ముందే కొట్టి ఉంచుకుంది. వ్లాద్కో చూసుకోకుండా ఒకదానికి కోటు తగిలించాడు. మాస్టారు లేచి ఆ కోటు తీసి వాడి చేతిలో పెట్టాడు. తర్వాత జేబులోంచి ఆ ఎర్ర దారాలు తీశాడు, అన్నాళ్లూ జేబులోనే ఉన్నట్టున్నాయి, ఒక్కో మేకుకి ఒక్కోటి కట్టాడు. బడిపంతులు కదా, ముడి చక్కగా వేశాడు. ఆ వసంతం తవ్వేటప్పుడే చివరి రెండు కొమ్ముల దగ్గర పార ఆపించాడు. అవి లిస్కావి కావని ఆయనకీ తెలుసు. లిస్కావి ఎప్పుడో మట్టైపోయి ఉంటాయి, మా తోటల మీదే చల్లేసి ఉంటాం. అయినా ప్రతి ఏడూ రెండు వదిలేస్తాం. అదీ సంగతి.

ఏమిటలా చూస్తావు? అవును, నీ కొట్టమే. తొట్టి పైన, దూలానికి. ఎర్ర దారం ముక్కలు ఉండాలే... పాతబడి నల్లబడి ఉంటాయి.

కత్తిరించేశావా.

ఆ మేకుకి సైకిల్ హెల్మెట్టా. ఊ.

తిప్పు అమ్మాయ్, తిప్పు. సుడి ఆగిపోతోంది.