ఉరుకుందమ్మ స్టాపు

యాడమ్మా నేను సచ్చింది? ఎప్పుడు సచ్చినా? చెప్పు పాపా, నాకే తెల్దు!

‘కీర్తిశేషులు ఉరుకుందమ్మ గారు’ అంట! మా మనవరాలు మధులత సదివి ఇనిపిచ్చె. నవ్వి నవ్వి కడుపు నొప్పి లేసింది. కాలనీ చరిత్ర బుక్కు రాయమంటే నన్ను పాడె ఎక్కిస్తివి గదనే తనూజా! అంత సదువు సదివినావు, రెండు సందులు దాటొచ్చి ఈ ముసల్ది ఉండాదా పోయిందా అని ఒక్క మాట అడగకూడదా?

అయ్యయ్యో, కండ్లల్ల నీళ్లేందమ్మా! నేను నవ్వుతాండా గదా. ఇట్ల మంచం మీద కూచో. శనక్కాయలు ఉడకేసినా, తిను.

నీ తప్పేముందిలే. బస్సు స్టాపుకు పేరు పెట్టినారంటే ఆ మనిషి పోయినట్టే అనుకుంటారు ఎవురైనా. మొన్న మీ అపార్ట్‌మెంట్లోకి కొత్తగా వచ్చినామె, పట్టుచీర కట్టుకోని, కొబ్బరికాయ చేతిలో పట్టుకోని స్టాపు కాడ నిలబడింది. ‘అవ్వా, ఉరుకుందమ్మ గుడి యాడ?’ అని నన్నే అడిగె! ‘నేనేనమ్మా, కొట్టు’ అంటి. ఆమె మొగం సూడాల్సింది నువ్వు!

సరే, అసలు సంగతికొస్తా. సాయంత్రం కాలనీ మీటింగంట గదా. స్టాపు పేరు తీసేసి ఏందో ‘గ్రీన్ వ్యాలీ’ అని బోర్డు పెడతారంట. గ్రీనంట గ్రీను! ఈడ కంపచెట్లు తప్ప ఏముండాది పచ్చగా? మీ సెక్రటరీ రాజశేఖర్ సారుకు ఆ పేరైతే ప్లాట్లకు రేటొస్తాదంట. నా పేరుంటే రాదంట! నువ్వు పోయి గట్టిగా చెప్పల్ల, మనిషి బతికే ఉండాది, పేరు తీయొద్దంటాది అని.

ఏంటికి వద్దని వాళ్లడిగితే ఏం చెప్పేదంటావా? నువ్వే రాసినావు గదా, కరువు కాలంలో బస్సు జనానికి మజ్జిగ పోసిన పుణ్యాత్మురాలు అని. అది ఇంటాంటే నాకు నేనే దండం పెట్టుకోవాలనిపిచ్చె.

పోసినా, అబద్ధం కాదు. అప్పుడు ఈడ కాలనీ యాడిది? అంతా మా నాయన గిడ్డయ్య జొన్నచేను. నాకు పద్దెనిమిదేండ్లు. కర్నూలు నుంచి నంద్యాలకు పోయే ఎర్ర బస్సు ఈడ ఆపేదే ల్యా. ఒకనాడు కుండ నెత్తిన పెట్టుకోని నడీ రోడ్డు మీద నిలబడితి. కిర్రుమని బ్రేకు కొట్టె డ్రైవరు. ‘ఏమే, సావాలని ఉండాదా?’ అని అరిచె. ‘ల్యా, మజ్జిగ తాగిపో’ అంటి. బస్సంతా నవ్వె!

ఇంగ అప్పటి నుంచి రోజూ అదే పని. అందరికీ ఒకే సత్తు గ్లాసు. బస్సు నిలబడతాందని సుట్టుపక్కల సేన్లోళ్లు ఈడికొచ్చి ఎక్కేది మొదులుపెట్రి. కండక్టరు ‘ఉరుకుందమ్మ స్టాపు’ అని కేకేసేది మొదులుపెట్టె. జనాన్ని సూసి ఒకాయప్ప సోడా బంకు పెట్టె. బంకు పక్కన ఒక ఇల్లు, దాని పక్కన ఇంగో ఇల్లు. అట్ల అట్ల మీ అపార్ట్‌మెంటు దాకా వచ్చింది. ఇదే తల్లీ మన కాలనీ చరిత్ర!

రోజూ ఏంటికి పోసినావవ్వా అని అడగవే? అడుగు!

ఆ ఫోను ఆపు ముందు. రికార్డు గికార్డు వద్దు. మా ఇంటాయప్ప లోపల పండుకోనుండాడు, చెవుడేలే, అయినా ఆపు.

పుణ్యమూ ల్యా గిణ్యమూ ల్యా. ఆ డ్రైవరు పేరు జ్ఞానరాజు. ఖాకీ చొక్కా మోచేతుల దాకా మడిచి, స్టీరింగు మీద చెయ్యేసి కూచుంటే... అబ్బ! ఇప్పుడు తల్చుకున్నా గుండెకాయ ఎగురుతాది సూడు. ఆయప్పకొక్కనికే గ్లాసిస్తే ఊరు ఊరుకుంటాదా? మా నాయన కొడవలి ఎత్తుకోడా? అందుకని బస్సు మొత్తానికీ పోస్తి! అందరూ తాగినాక ఆఖర్న ఆయప్పకు. ఆ ఒక్క గ్లాసు కోసరం ఎంత మందికి తాపినానే తల్లీ! ‘మజ్జిగంతా యాడికి పోతాందే’ అని మా యమ్మ ఒకటే మొత్తుకునేది.

మాట్లాడినాడా అంటే, మాట్లాడె. ఒకే ఒక మాట. ‘ఈ పొద్దు ఉప్పెక్కువైంది’ అనె. నాకు నేల మీద కాలు నిలబడల్యా! మర్సనాడు ఉప్పు తగ్గిచ్చి, అల్లం దంచేసి, కనకాంబరాలు పెట్టుకోని నిలబడితి. బస్సొచ్చె. దాంట్లో డ్రైవరు వేరే ఆయప్ప. జ్ఞానరాజును కడప బస్సుకు మార్చినారంట.

ఆ పొద్దుతో మజ్జిగ బంద్! ఏమాయ ఏమాయ అని అందరూ అడిగిరి. బర్రె వట్టిపాయ అని చెప్తి. యాడ వట్టిపోయింది? బిందె నిండా ఇస్తాండె!

తర్వాత మా నాయన ఈ ఓబుళేశును ఇల్లటం అల్లునిగా తెచ్చె. మంచోడేలే, నాకేం తక్కువ చేయల్యా. వంక పెట్టేదానికి ల్యా.

కానీ పాపా, కడప బస్సు కూడా ఈ రోడ్డునే గదా పోతాది? అది కూడా ఈడ ఆగేది అప్పటికి. రిటైరయ్యే దాకా అదే బండి తోలినాడు ఆయప్ప. నేను ఈ గడప మీదనే కూచోని సూస్తాంటి. అందుకే ఆ పేరు తీయొద్దంటాండా, నాకు మిగిలింది అదొక్కటే. మీటింగులో మాత్రం పుణ్యాత్మురాలనే సదువమ్మో, వాళ్లకు అదే బాగుంటాది.

ఒక్కనాడన్నా దిగినోడు కాదు, తల తిప్పి సూసినోడు కాదు. సూడకపోతే పాయ! కండక్టరు నా పేరు అరిస్తే బ్రేకు తొక్కినాడా లేదా?